కోపానికి వేసిన మార్కులు

మొన్న మొయినాబాద్ల ఒక కాలేజీ పిల్లలు నన్ను పిలిచిండ్రు. ఎంబీఏ చదివేటోళ్లు. రిటైరైన మనిషి గదా, నాలుగు ముచ్చట్లు చెప్తదని. చెప్పిన. శాలువ కప్పిండ్రు. ఇగ లేద్దామనేసరికి ముందు వరుసల కూసున్న ఒక అమ్మాయి చెయ్యి లేపింది. "మేడమ్, మనిషికి స్వభావం అనేది నిజంగ ఉంటదా? ఉంటే కొలవొస్తదా? కొలిస్తే దేనికన్న పనికొస్తదా?" అని ఒక్క ఊపిరిల అడిగింది. నేను సైకాలజీల ఎం.ఏ. చేసినదాన్ని. ఉద్యోగమంతా ఫ్యాక్టరీలల్ల మనుషులను తీసుకునుడు, తీసేసుడు, నడిమిట్ల వాళ్ల కొట్లాటలు తెంపుడు. జవాబు నోటికి రావాలె. వచ్చింది, పుస్తకంల ఎట్లున్నదో అట్లనే వచ్చింది. ఆ పిల్ల బుద్ధిగ రాసుకున్నది.

చేవెళ్ల బస్సెక్కి కూసున్నంక నా మీద నాకే చిరాకు లేసింది. ఆ పిల్లకు చెప్పాల్సింది క్రేన్ ముచ్చట. అదే ఇప్పుడు చెప్తున్న. మీరు గూడ రేపో మాపో ఏదో ఒక ఆఫీసుల కూసోని ఇంకొకల స్వభావానికి మార్కులేసేటోళ్లే. జర ఓపికతోని వినుండ్రి.

నేను ఆఖరుకు పనిచేసింది చందనవెల్లిల. పేరొద్దు. పెద్ద షెడ్లకు ఇనుప దూలాలు చేసే కంపెనీ. దూలం తయారైతే మనుషులు ఎత్తలేరు, క్రేన్ ఎత్తాలె. మా క్రేన్ నెత్తి మీద పట్టాల మీద నడుస్తది, ఆపరేటరు పైన చిన్న గదిల కూసుంటడు. కింద మనుషులు పనిచేసుకుంట తిరుగుతుంటరు. అంటే ఆ పైన కూసున్నాయన చేతిల కిందోళ్ల పానాలు ఉన్నట్టే. జీతం మంచిగుంటది, పర్మినెంటు. అందుకే ఆ కుర్సీకి గిరాకీ ఎక్కువ.

మా దగ్గర క్రేన్ పని నేర్చినోళ్లు ఇద్దరుండిరి. ఇద్దరియీ రైతుల ఇండ్లే, ఇద్దరి భూములూ ఫ్యాక్టరీలల్లనే కలిసిపోయినయి. ఒకాయనకు ముక్కు మీద కోపం. తోటోళ్లు ఆయనను గరమాయన అంటుండిరి. చాయల చక్కెర తక్కువైతే ఆయన ఒర్రుడు క్యాంటీన్ వాళ్లకే కాదు, పక్క ఫ్యాక్టరోళ్లకు గూడ వినపడేది. ఇంకొకాయన నిమ్మళమాయన. పొద్దుగాల గేట్ల నుంచి వచ్చేటప్పుడు కుక్క అడ్డమొస్తే గూడ అది లేసి పోయేదాక నిలబడేటోడు. నాకు ఇద్దరూ ఇష్టమే, కాకపోతే నిమ్మళమాయన దగ్గర తలకాయ నొయ్యదు.

ఆ ఏడు పట్నంల ఉన్న హెడ్డాఫీసు నుంచి ఒక పరీక్ష వచ్చింది. వ్యక్తిత్వ పరీక్ష. క్రేన్ ఎక్కేటోళ్లకు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేటోళ్లకు తప్పనిసరి అన్నరు. ఒక్కొక్క వాక్యం ఉంటది, అది నీకు ఎంత సరిపోతదో ఒకటి నుంచి అయిదు దాక గీత పెట్టాలె. తెలుగు చేసినాయన ఎవలో గానీ, ఆయన తెలుగు నాకే సగం సమజ్ గాలే. "నేను అపరిచితులతో సులభంగా కలిసిపోతాను" అని ఒకటుండె. మా దిక్కు అపరిచితుడు అనేటోడు దొరుకుడు కష్టం. ఏ ఊరు, ఎవల ఇల్లు అని రెండు మాటలు అడిగితే ఏదో ఒక దిక్కు నుంచి బావనో మామనో అయితడు. అందరు అయిదు మీద గీత పెట్టిండ్రు.

అయినా ఆ పరీక్షను నేను తీసిపారేస్తలే. వినుండ్రి, ఇది మీకు పనికొచ్చే ముచ్చట. మంచి పరీక్ష ఇయ్యాల పెట్టినా, ఆర్నెల్లకు పెట్టినా దగ్గర దగ్గర అదే జవాబు ఇస్తది. వంద మందికి పెడితే, కోపం ఎక్కువ వచ్చినోళ్ల దిక్కు కొట్లాటలు ఎక్కువే ఉంటయి. అది గాలి మాట కాదు. కాకపోతే మా చేవెళ్ల నేల తీరే అది గూడ. ఈ ఎర్రనేలల క్యారెట్ మంచిగ పండుతదని ఖచ్చితంగ చెప్పొచ్చు. గీ ఒక్క గడ్డ సక్కగొస్తదా వంకరొస్తదా అంటే నేలను అడిగి లాభం లేదు.

పరీక్ష పెట్టిన. నిమ్మళమాయనకు మంచితనంల, సర్దుకుపోవుడుల మస్తు మార్కులు. గరమాయనకు కోపంల మస్తు మార్కులు. హెడ్డాఫీసు గీసిన గీతకు ఈయన అవతల పడ్డడు. "నాకు త్వరగా కోపం వస్తుంది" అన్న కాడ అయిదు మీద గీత పెట్టి, అది చాలదన్నట్టు పక్కన ఇంకో గీత కొట్టిండు. పిలిచి అడిగిన, ఎందుకయ్యా గిట్ల రాసినవ్ అని. "అడిగిండ్రు, చెప్పిన. అబద్ధం చెప్పమంటరా?" అన్నడు. అది గూడ కోపంగనే అన్నడు.

మా జి.ఎం. సారు పట్నమాయన. మంచోడే. మనిషి కన్నా గ్రాఫు మీద నమ్మకం జర ఎక్కువ. "అమ్మా, టెస్టు నో అంటున్నది" అన్నడు. నేనన్న, "సార్, ఒక్క కాయితం మీద మనిషి బతుకు తేల్చొద్దు. వాళ్ల ఊరికి పోయి నలుగురిని అడిగొస్త. తెలిసినోళ్లు చెప్పేది గూడ ఒక కొలతనే." పుస్తకంల గూడ అట్లనే ఉంటది. మనిషి తన గురించి తను చెప్పుకునేది ఒకటి, చూసినోళ్లు చెప్పేది ఒకటి, రెండూ కలిస్తే గట్టి సాక్ష్యం అని. సారు సరేనన్నడు.

హాజరు రాసుకునే మా టైమాఫీసు పెద్దాయనను తోలుకొని గరమాయన ఊరికి పోయిన. ఆయనకు ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటి వంశం తెలుసు. ఆ పొద్దు శుక్రవారం, నేను జర మంచి చీర కట్టుకున్న, ఆయన తెల్లంగి తొడిగిండు. ఇద్దరం ఆటో దిగి, ఊరి మొదట్ల చాయ హోటల్ల కూసోని, ఫలానా వాళ్ల కొడుకు ఎసొంటోడు, కోపమెక్కువనా, తాగుతడా అని అడుగుడు షురూ చేసినం.

హోటలాయన గల్లపెట్టె కాడి నుంచి లేసి వచ్చి మాకు బిస్కిట్లు పెట్టిండు, పైసలు తీసుకోలే. "బంగారమసొంటి పిలగాడు" అన్నడు. మంగలాయన, "వానికి కోపమా? నోట్ల నాలుకే లేదు" అన్నడు. బోరింగ్ కాడ నీళ్లు కొడుతున్న ఆడోళ్లు, "ఆ పిల్లగాడు చీమకు గూడ దారిస్తడు" అన్నరు. నాకు మతి పోయింది. రోజూ నా చెవులు చిల్లులు పడేటట్టు ఒర్రే మనిషి గురించేనా ఇది? నోట్ బుక్ నిండ మంచి మాటలే రాసుకున్న. పక్కన టైమాఫీసు పెద్దాయన చాయ తాగుకుంట సప్పుడు చెయ్యకుండ నవ్వుతుండు.

"ఏందన్నా నవ్వుతవు?" అన్న.

"మేడమ్, మనల చూస్తే వాళ్లకు ఏమనిపిస్తదో మీరే చెప్పుండ్రి. యాభై దాటిన ఆడమనిషి, మొగమనిషి, మంచి బట్టలు, పిలగాని గుణం అడుగుతుండ్రు. పిల్లనిచ్చేటోళ్లు వచ్చిండ్రనుకుంటుండ్రు. వెయ్యి అబద్ధాలాడన్న ఒక పెండ్లి చెయ్యాలె అంటరు గదా. ఇప్పుడు ఊరంతా ఆ పుణ్యమే కట్టుకుంటున్నది."

నా సైకాలజీ అంతా ఆ చాయ హోటల్ల బల్ల మీద పడి ఉన్నట్టనిపిచ్చింది. ఎంత మందిని అడిగితే ఏం లాభం, అందరు ఒకటే దిక్కు ఒరిగి చెప్తుంటే? నేను కంపెనీ నుంచి వచ్చిన అని చెప్పిన. ఎవలు నమ్మలే. కంపెనోళ్లయితే ఎవలన్న మనిషి గుణం అడుగుతరా, ఆధార్ కార్డు అడుగుతరు గానీ అన్నరు.

మేం ఇంటికి పోయేసరికి ముచ్చట మా కన్న ముందు పోయింది. గరమాయన తల్లి వాకిట్ల చాప ఏసి, నీళ్లిచ్చింది. పొయ్యి మీద కోడికూర ఉడుకుతున్నది. నేను ఏదో చెప్పబోయేలోపలనే ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "చెల్లె, ఊరోళ్లు మంచిగ చెప్పుంటరు. నేను తల్లిని, నేను దాచొద్దు. వానికి కోపమెక్కువ. తాగడు, కొట్టడు. కానీ ఒర్రుతడు. తప్పు కనపడితే వాళ్ల నాయననే ఇడిసిపెట్టడు. నన్ను ఇచ్చేటప్పుడు గూడ గిట్లనే ఊరంతా మంచోడు మంచోడు అన్నరు. మీ బిడ్డ నాలెక్క కావొద్దు. ఇష్టమైతేనే ఇయ్యుండ్రి" అన్నది.

నాకు బిడ్డే లేదక్కా అని చెప్పేదాక ఆమె చెయ్యి ఇడవలే. సంగతి తెలిసినంక పొయ్యి కాడికి పోయి మంట తగ్గిచ్చింది. తర్వాత "అయితే మా వాని నౌకరి పోతదా?" అని అడిగింది. పోదు అన్న. అట్ల అనే అధికారం నాకు లేదు, అయినా అన్న. కోడికూర తినకుండ పోనియ్యలే.

సోమవారం గరమాయన నా ఆఫీసుకొచ్చి ఒర్రిండు. ఊర్ల ముఖం చూపెట్టుకోనిస్తలేరని, పిల్ల దిక్కోళ్లు మల్ల ఎప్పుడొస్తరని అందరూ అడుగుతున్నరని. 

జి.ఎం. సారుకు రిపోర్టు ఇచ్చిన. ఊరి మాట లెక్కల తీసుకోవద్దు. తల్లి మాట, పరీక్ష మాట ఒకటే చెప్తున్నయి. కోపం నిజమే. అయితే కోపం ఉన్నాయన క్రేన్‌కు పనికిరాడని ఏ పరీక్షా చెప్పలే, అది హెడ్డాఫీసు అనుకున్న మాట. పని మీద ఇప్పటిదాక ఒక్క తప్పు లేదు. కొన్ని దినాలు ఇద్దరినీ వారానికొకరిని ఎక్కిచ్చి చూద్దామని రాసిన. సారు గ్రాఫు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, సరే అన్నడు.

నాలుగు వారాలు మంచిగనే నడిచింది. గరమాయన వారం వస్తే షెడ్డంతా తిట్లు. ఎవలన్న బరువు కింది నుంచి నడిస్తే క్రేన్ ఆపి, గదిల నుంచి సగం బయటికి వంగి, వాని ఏడు తరాలను యాది చేసేటోడు. పనోళ్లు మస్తు సార్లు నాకు ఫిర్యాదు చేసిండ్రు. నిమ్మళమాయన వారం వస్తే హాయి. పాటలు గూడ వినపడుతుండె.

అట్లాంటి ఒక గరమాయన వారంలనే మా దిక్కు పెద్దమనిషి ఒకాయన ఫ్యాక్టరీ చూస్తనని వచ్చిండు. మండలంల ఏ పని కావాలన్న ఆయన ఇంటి ముంగట నుంచే కావాలె. ఎనుక ఇరవై మంది దాక ఉన్నరు. జి.ఎం. సారు ముందు నడుచుకుంట చూపెడుతుండు. పెద్దమనిషి నెత్తి మీద సేఫ్టీ టోపీ పెట్టుకోలే, పెట్టుకోమని అడిగే ధైర్యం ఎవలకూ లేకుండె. పసుపు గీత దాటి, ఏలాడుతున్న దూలం కిందికి పోయి నిలబడి, ఇది ఎన్ని టన్నులు ఎత్తుతది అని అడుగుతుండు.

పైన నుంచి వచ్చింది జవాబు. "ఓ పటేలా, నిలబడటానికి ఇది నీ పొలం గట్టు గాదు. నెత్తి మీద మూడు టన్నులున్నది. జరుగు."

మిషన్లు ఆగిపోయినయి. ఎనుకున్న ఇరవై మంది మొదలు పక్కకు జరిగిండ్రు, తర్వాత కోపం తెచ్చుకున్నరు. పెద్దమనిషి గూడ జరిగిండు. ఏమనలే. కారెక్కేటప్పుడు గూడ ఏమనలే. ఆయన ఏమనకపోవుడే జి.ఎం. సారుకు భయమైంది. ఇగ ఆ దూలం పడలే. క్షేమంగ పోయి దాని జాగల కూసున్నది. పడితే ఈయన దేవుడయ్యేటోడు. పడలేదు గాబట్టి నోటి దురుసు అయిండు.

సాయంత్రం సారు పరీక్ష కాయితం టేబుల్ మీద పెట్టిండు. "అమ్మా, టెస్టు ముందే చెప్పింది. మనమే వినలే." నేనన్న, "సార్, టెస్టు చెప్పింది నిజం, ఆయన చేసింది గూడ కరెక్టే."  ఆ రెండూ ఒక్క గ్రాఫుల ఎట్ల పెట్టాలో ఆయనకు తెల్వలే. తెల్లారి గరమాయనను గేటు డ్యూటీకి ఏసిండ్రు. జీతం సగానికొచ్చింది. నాకు చాన బాధైంది. వాళ్లమ్మకిచ్చిన మాట పోయింది. గరమాయన ఆ దినం నా దగ్గరికి గూడ రాలే.

క్రేన్ నిమ్మళమాయనకు పర్మినెంటు అయింది. షెడ్డంతా స్వీట్లు పంచిండు. అందరికన్న ఎక్కువ సంతోషపడ్డది షెడ్డుల పని చేపిచ్చే మా మేస్త్రి. ఎందుకంటే నిమ్మళమాయన ఆయన అల్లుడు. బిడ్డనిచ్చిన మామ. మా దిక్కు అల్లుడు మామ ముంగట కుర్సీల కూసోడు, గొంతు లేపి మాట్లాడడు. నిమ్మళమాయనయితే మామ కనపడితే ఫోన్ల మాట గూడ సగంల ఆపేటోడు. మేస్త్రి ఈ మాట అందరికీ గొప్పగ చెప్పుకునేటోడు.

వానకాలం మొదట్ల ఒక పొద్దు, మధ్యాహ్నం అన్నాలకు పోయే ముందు, దూలం ఏలాడుతుంటే మేస్త్రి కింది నుంచి నడిచిండు. గొలుసు కట్టింది సక్కగున్నదా లేదా అని పైకి చూసుకుంట నడుచుడు ఆయన అలవాటు. ఒక దిక్కు గొలుసు జారింది. దూలం కొస కిందికొచ్చి ఆయన కుడి పాదం మీద పడ్డది. చేవెళ్ల దవాఖానల చూసి, వెంటనే పట్నం తీస్కపొమ్మన్నరు. పానం దక్కింది. పాదం దక్కలే.

విచారణ నేనే చెయ్యాలె. నిమ్మళమాయన నా ముంగట కూసున్నడు.  నీళ్లిచ్చిన, తాగలే.

"మామ కిందికి వచ్చుడు చూసినవా?"

"చూసిన మేడమ్."

"ఎంతసేపు?"

"మొత్తం చూసిన. అటు మొదలు నుంచి వస్తుంటే చూస్తనే ఉన్న."

"హారన్ నీ చేతి కిందనే ఉంటది గదా. ఎందుకు కొట్టలే?"

ఆయన నా దిక్కు చూసిండు. నేను అడిగింది ఆయనకు అర్థం కానట్టు చూసిండు.

"మామ గదా మేడమ్. మామ మీద హారన్ ఎట్ల కొడ్త?"

నేను పెన్ను కింద పెట్టిన. ఆ మనిషి మీద నాకు కోపం రాలే, ఏడుపొచ్చింది. ఆయన పరీక్ష కాయితం తీసి చూసిన. "ఇతరులను నొప్పించకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను" అన్న కాడ అయిదు. నూటికి నూరు పాళ్లు నిజం. ఒక్క అబద్ధం లేదు. పరీక్ష ఆయనను సరిగ్గ కొలిచింది, గరమాయనను గూడ సరిగ్గ కొలిచింది. ఏ గుణం ఏ కుర్సీకి పనికొస్తదన్నది మటుకు పట్నంల ఏసీ రూంల కూసోని రాసిండ్రు. ఆళ్ల నెత్తి మీద ఎన్నడూ దూలం ఏలాడలే.

జి.ఎం. సారుకు రెండు కాయితాలూ చూపెట్టిన.  "అమ్మా, గేటు దగ్గరున్న అతన్ని మల్ల క్రేన్ ఎక్కించండి" అన్నడు.  తర్వాత అలవాటు కొద్ది, "రూలు ప్రకారం టెస్టు మాత్రం మల్ల పెట్టండి" అన్నడు.

నిమ్మళమాయన తనంతట తనే క్రేన్ వద్దన్నడు. స్టోర్‌ల ఏసినం. ఇప్పుడు గూడ మామను పొద్దుగాల బండి మీద ఎక్కిచ్చుకొని దవాఖానకు తోలుకపోయేది ఆయననే.

కొత్త పరీక్ష కాయితం పట్టుకొని గేటు కాడికి పోయిన. షిఫ్టు మారే టైము, లోపలికొచ్చేటోళ్లు, బయటికిపోయేటోళ్లు. గరమాయన ఖాకీ అంగి తొడుక్కొని లారీల నెంబర్లు రాస్తుండు. సంగతి చెప్పిన. ఆయన కాయితం దిక్కు చూసిండు. పర్మినెంటు జీతం, క్రేన్, అన్నీ ఆ కాయితం అవతల ఉన్నయని ఆయనకు తెలుసు. నేను ఆ ఉద్యోగంల విన్న మాటలన్నిట్ల అంత మెల్లగ ఆయన అన్నది అదొక్కటే.

"మేడమ్, ఈసారి కోపం కాడ జర తగ్గిచ్చి రాయమంటరా? రెండో మూడో పెడ్త. ఇంట్ల కష్టంగున్నది."

"ఒక్కటి తగ్గిచ్చి రాసినా నిన్ను క్రేన్ ఎక్కనియ్య" అన్న.

అప్పుడు లేసింది ఆయనకు కోపం. "మరి అప్పుడెందుకు దించిండ్రు నన్ను?" అని ఒర్రిండు. లారీలు ఆగినయి, షిఫ్టోళ్లు ఆగిండ్రు. మేస్త్రి కాలు ఎవలు తెచ్చిస్తరు అన్నడు, మా అవ్వకు మీరు ఏం చెప్పి పోయిండ్రు అన్నడు, ఇంకా చాన అన్నడు. గేటంతా వింటున్నది. నేను కాయితం పట్టుకొని నిలబడి మొత్తం విన్న. అయిపోయినంక ఆయన నా చేతిల నుంచి పెన్ను, కాయితం గుంజుకొని, మోకాళ్ల మీద పెట్టుకొని, కూసోని గీతలు పెట్టుడు మొదలువెట్టిండు.